వేడిమికి వాకిలి

చక్రములపై నిలిచి, ఒక గదినుండి మరియొక గదికి దొర్లించుకొని పోదగిన పోర్టబుల్ ఏసీని గూర్చి గృహస్థులు చెప్పు ఫిర్యాదు ప్రాయికముగా ఒక్కటే: యంత్రము తిరుగుచున్నది, శబ్దము కావలసినంత చేయుచున్నది, దాని నోటికడ చేయి పెట్టినచో చల్లనిగాలి చక్కగనే తగులుచున్నది, కాని నాలుగడుగుల దూరమున మంచముపై కూర్చున్నవానికి చెమట ఆరుటలేదు. గోడకు బిగించు స్ప్లిట్ ఏసీ విషయమున ఇట్టి మాట వినవచ్చినచో దోషము యంత్రమునందే యుండునని తలచుటకు అవకాశము హెచ్చు. ఈ చక్రముల యంత్రము విషయమున మాత్రము దోషము తరచుగా దానికి వెలుపల, దాని వీపునుండి కిటికీకి పోవు లావుపాటి గొట్టముననో, ఆ కిటికీ సందులలోనో, తలుపు క్రిందనో, ఇంటి కప్పుపైననో ఉండును. ఈ భేదము నెరుగకపోవుటచేతనే, గోడ తొలుచుటకు యజమాని యొప్పుకొనక గతిలేక ఈ యంత్రమును కొన్న అద్దెయింటివారు అనేకులు, నడివేసవిలో మెకానిక్కును పిలిపించి, గ్యాసు నింపించి, పదిదినములలో మరల మొదటి స్థితికే వచ్చుచున్నారు. అట్టివారికి ఈ అధ్యాయము ఉపయోగపడవలెనని నా కోరిక.

శైత్యమనునది ఒక పదార్థము కాదు. ఉష్ణము తొలగిన స్థితికే మనము ఆ పేరిడితిమి. కావున ఏసీ చేయునదెల్ల ఒకచోటి ఉష్ణమును మోసికొనిపోయి వేరొకచోట దింపుటయే. ద్రవము ఆవిరియగునపుడు తన చుట్టునున్న వస్తువులనుండి గుప్తోష్ణమును గ్రహించునను సత్యమును 18వ శతాబ్ది నడుమ స్కాట్లండు దేశమున విలియం కల్లెన్ అను వైద్యాచార్యుడు ప్రదర్శించి చూపెను; ఈథరు నుంచిన పాత్రలోని గాలిని పంపుతో తోడివేసి, ఆ ఈథరు శీఘ్రముగా ఆవిరియగునట్లు చేసి, దానిచెంత నున్న నీటిని గడ్డకట్టించెను. ఆవిరియైపోయిన ద్రవమును వృథాగా పోనీయక, దానిని పట్టి, అదిమి, వేడి వదలించి, మరల ద్రవముగా మార్చి, అదే ద్రవముతో ఎడతెగక పని జరిపించు ఏర్పాటునకు 1834లో జేకబ్ పెర్కిన్స్ లండనులో పేటెంటు పొందెను. నేటి ఏసీ యంత్రములన్నియు ఆ ఏర్పాటునకు సంతానమే.

పోర్టబుల్ ఏసీలలో ఇప్పుడు తరచుగా వాడబడుచున్న ఆర్-290 అను వాయువు ప్రొపేన్ తప్ప వేరు కాదు. అది సాధారణ వాయుపీడనమున సున్నకు దిగువ 42 డిగ్రీల కడనే మరగును. యంత్రపు ముందుభాగమున నున్న తీగచుట్టలో అది ద్రవరూపమున ప్రవేశించి, గదిగాలిలోని వేడిమిని త్రాగి ఆవిరియగును. కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి వేడెక్కించును. వెనుకభాగమున నున్న రెండవ తీగచుట్టలో అది తన వేడిమిని విడిచి మరల ద్రవమగును. ఇచట పాఠకుడు గమనింపవలసిన విశేషమొకటి కలదు. వెనుకచుట్ట విడుచు వేడిమి, ముందుచుట్ట గదినుండి తీసిన వేడిమికి సమానము కాదు, దానికంటె హెచ్చు. ఏలనన కంప్రెసరు గ్రహించిన విద్యుత్తు కూడ వేడిమిగా మారి దానితో కలియును. ఒక టన్ను యంత్రము గదినుండి 3.5 కిలోవాట్ల వేడిమిని తీసి, 1.2 కిలోవాట్ల విద్యుత్తును వాడుకొన్నదనుకొన్నచో, వెలికి పంపవలసినది 4.7 కిలోవాట్లు. స్ప్లిట్ ఏసీలో ఆ వేడిమిని విడుచు పెట్టె ఆరుబయట నుండును. ఇందులోనో, రెండు చుట్టలును గదిలోనే, ఒకే పెట్టెలో, ఒకదాని వెన్ను నొకటి యానుకొని యున్నవి. వేడిమి వెలికి పోవుటకు ఆ యొక్క గొట్టమే వాకిలి. గొట్టమును కిటికీ దాటింపక గదిలోనే వదలి యంత్రమును నడపినచో గది చల్లబడకపోగా, 1.2 కిలోవాట్ల విద్యుత్ పొయ్యి వెలిగించినట్లు వేడెక్కును.

ఈ టన్ను అను కొలత బరువు కాదని చెప్పుట మంచిది. ఒక అమెరికను టన్ను, అనగా సుమారు 907 కిలోల మంచుగడ్డ ఇరువదినాలుగు గంటలలో కరగుటకు ఎంత వేడిమి కావలెనో అంత వేడిమిని అదే వేగమున తీసివేయు శక్తికి టన్నని పేరు. బీటీయూలలో చెప్పినచో గంటకు 12,000.

ఇక పరీక్షకు వత్తము. యంత్రమును విప్పుటకు ముందు, మెకానిక్కునకు ఫోను చేయుటకు ముందు, చిన్న థర్మామీటరు నొకదానిని సంపాదింపవలెను. యంత్రమును ఇరువది నిమిషములు నిండువేగమున నడపి, అది గాలిని పీల్చుకొను జాలి కడ నొకమారును, చల్లనిగాలి వెడలు నోటికడ నొకమారును ఉష్ణోగ్రత చూడవలెను. ఈ రెంటికిని నడుమ 8 మొదలు 12 డిగ్రీల వ్యత్యాసమున్నచో యంత్రము తన ధర్మమును నెరవేర్చుచున్నదని నిశ్చయింపవచ్చును. దోషము గదిలోనో గొట్టములోనో వెదకవలెను. వ్యత్యాసము మూడు నాలుగు డిగ్రీలకు పడిపోయినచో దోషము పెట్టెలోనే యున్నది. సముద్రతీరమున గాలిలో తేమ మిక్కుటము గనుక యంత్రపు శక్తిలో కొంత ఆ తేమను నీరుగా మార్చుటయందే వ్యయమగును. అచట వ్యత్యాసము ఆరేడు డిగ్రీలే యున్నను కలవరపడ పనిలేదు. ఇంతటి సులభమైన పరీక్ష ఇంకొకటి నే నెరుగను. దీనిని చేయకయే మరమ్మతునకు పూనుకొనుట రోగి నాడి చూడకయే మందిచ్చుట యని నా దృఢాభిప్రాయము.

యంత్రము నిర్దోషియై గది మాత్రము చల్లబడని సందర్భమే అన్నిటికంటె ఎక్కువగా కనబడునది. దానికి మూలము ఒంటిగొట్టపు నిర్మాణమునందే యున్నది. వెనుకచుట్టను చల్లార్చుటకు కావలసిన గాలిని యంత్రము ఎచటనుండి తీసికొనును? గదిలోనుండియే. తాను కష్టపడి చల్లబరచిన గాలినే కొంత పీల్చి, దానిని వేడిచేసి, గొట్టముద్వారా వీధిలోనికి నెట్టివేయును. నెట్టివేసిన గాలికి బదులు గాలి ఎటనుండియైన రాక తప్పదు గదా. గదిలో పీడనము స్వల్పముగ తగ్గి, తలుపు క్రింది సందునుండి, కిటికీ రెక్కల నడుమనుండి, స్విచ్చిబోర్డు రంధ్రములనుండి సైతము వెలుపలి వేడిగాలి లోనికి చొరబడును. పొలములోని ముంపునీటిని ఏతమువేసి తోడుచు, ఆ తోడుటవలననే గట్టుకు గండిపడి కాలువనీరు మరల పొలమునకే వచ్చుచున్నచో రైతు పాటు ఎట్లుండునో ఈ యంత్రపు పాటు అట్టిదే.

ఎంత గాలి ఇట్లు మారునో లెక్కవేసి చూతము. సాధారణమైన ఒంటిగొట్టపు యంత్రము గంటకు 350 ఘనమీటర్ల గాలిని వెలికి పంపునని యనుకొందము. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిలో పట్టు గాలి సుమారు 34 ఘనమీటర్లు. అనగా గంటకు పది పర్యాయములు ఆ గదిలోని గాలి యంతయు వెడలిపోయి, దానిస్థానమున క్రొత్తగాలి వచ్చుచున్నది. రామగుండమున మేనెల మధ్యాహ్నము వెలుపల 44 డిగ్రీలుండగా గదిని 28 డిగ్రీల కడ నిలుపగోరినచో, ఇట్లు వచ్చిన సుమారు 400 కిలోల గాలిని గంటగంటకు పదునారు డిగ్రీలు చల్లబరచుటకే 1.75 కిలోవాట్లు, అనగా ఒక టన్ను యంత్రపు శక్తిలో సగము, చెల్లిపోవును.

విశాఖపట్టణమున ఎండ అంత తీవ్రము కాదు గనుక అచట ఈ నష్టము తక్కువయని తలంచుట సహజము; లెక్క వేసినచో ఫలితము విపరీతముగా తోచును. అచట వెలుపలి గాలి 34 డిగ్రీలే యైనను, కిలోగాలికి ఇరువది గ్రాములకు మించిన నీటియావిరి వేసవిలో సర్వసాధారణము. సుఖముగా నుండు గదిగాలిలో పన్నెండు గ్రాములకు మించరాదు. ఈ రెంటి భేదము కిలోకు తొమ్మిది గ్రాములనుకొన్నచో, 400 కిలోల గాలికి గంటకు 3.6 కిలోల ఆవిరిని యంత్రము నీరుగా మార్చవలసివచ్చును. దానికే సుమారు రెండున్నర కిలోవాట్లు కావలెను. వేడిమిని దించుటకు మరి 0.7 కిలోవాటు కలిపినచో ఒక టన్ను శక్తి దాదాపుగా అంతయు వచ్చినగాలికే చాలక చాలును. కోస్తావాసులు ఒంటిగొట్టపు ఏసీ క్రింద కూర్చుండియు మేను జిడ్డు వదలలేదని వాపోవుటకు హేతువు ఇదియే. ఇందు యంత్రదోషము గాని, వారి ఊహ గాని ఏమియు లేదు.

అమెరికా ప్రభుత్వపు ఇంధనశాఖ ఈ లోపమును గుర్తించి, 2016లో నిర్ణయించిన పరీక్షాపద్ధతియందు చొరబడు గాలిని, గొట్టమునుండి గదిలోనికి మరలు వేడిమిని కూడ లెక్కలోనికి తెచ్చెను. పాతపద్ధతిని 14,000 బీటీయూలని పెట్టెపై ముద్రింపబడిన యంత్రములు క్రొత్తపద్ధతిలో ఎనిమిది మొదలు పదివేల బీటీయూలకు దిగివచ్చినవి. మన బజారులో కొనువారు పెట్టెపై నుండు పెద్దసంఖ్యను చూచి మోసపోక, అది ఏ పద్ధతిని కొలచినదో అడిగి తెలిసికొనుట అవసరము.

ఈ గాలి చొరబాటునకు ప్రతిక్రియ యేమి? సందులన్నియు పూర్తిగా మూసివేయుడని చెప్పుట తేలికయే గాని అది పొసగదు. యంత్రము గాలిని వెడలగొట్టుచున్నంతకాలము గాలి లోనికి రాక మానదు. మనము చేయగలిగినది ఆ వచ్చుగాలికి త్రోవను నిర్ణయించుట. ఎండ తగులు కిటికీని, వీధితలుపును సందులేకుండ మూసి, నీడపట్టున నున్న లోపలిగది వైపు తలుపును అరంగుళము తెరచి యుంచినచో, 44 డిగ్రీల వీధిగాలికి మారుగా 34 డిగ్రీల ఇంటిగాలి లోనికి వచ్చును. నష్టము సగమునకు పైగా తగ్గును. ఈ మార్గమును అవలంబించువారికి ఒక హెచ్చరిక చేయక తప్పదు. స్నానపుగదిలో గ్యాసు గీజరు మండుచుండగా ప్రక్కగదిలో ఈ యంత్రమును నడపరాదు. పీడనము తగ్గిన గది గీజరు పొగను, దానితో వాసనలేని విషవాయువైన కార్బన్ మోనాక్సైడును తనవైపు లాగికొనును. ఇది ప్రాణములకు సంబంధించిన విషయము.

కిటికీ సంగతి వేరుగా చెప్పవలెను. యంత్రముతో వచ్చు ప్లాస్టిక్కు పలక, జరుపు రెక్కలు గల కిటికీలకై నిర్మింపబడినది. మన యిండ్లలో ఇనుపకమ్ములు బిగించి రెక్కలు వెలుపలికి తెరచుకొను కిటికీలు హెచ్చు గనుక, ఆ పలక అమరక, జనులు గొట్టపుమూతిని కమ్ములకు త్రాటితో కట్టి, మిగిలిన ఖాళీని పాతదుప్పటితో కప్పుచుందురు. వెడలిన వేడిగాలి ఆ దుప్పటిచుట్టును తిరిగి గదిలోనికే ప్రవేశించును. కిటికీ కొలతకు ప్లైవుడ్డు పలక కోయించి, గొట్టమునకు సరిపడు గుండ్రని రంధ్రము తొలిపించి, అంచులకు రబ్బరుపట్టీ యంటించుట స్వల్పవ్యయముతో కూడిన పని. వడ్రంగి పూటలో ముగించును. థర్మోకోలైనను చుట్టును టేపు వేసినచో తాత్కాలికముగా పనికివచ్చును. గొట్టము పొట్టిగా, సూటిగా నుండవలెను; వంపు వంపునకు గాలి వేగము తగ్గి వెనుకచుట్ట వేడెక్కును. దానికి మరియొక గొట్టము నతికి పొడిగించుట ఎంతమాత్రము తగదు. లోపల 50 డిగ్రీల గాలి ప్రవహించు మీటరున్నర గొట్టము గదిలోనికి నూరు వాట్లకు పైగా వేడిమిని మరల విడుచును. ఊరక కూర్చున్న మనుష్యు డొకడు విడుచు వేడిమి కూడ అంతియే. కావున గొట్టమునకు రేకుపూత గల ఫోమ్ షీటును చుట్టుట సార్థకము. కొన్ని యంత్రములకు రెండు గొట్టములుండును. అవి వెనుకచుట్టకు కావలసిన గాలిని వెలుపలినుండియే తెచ్చుకొని వెలికే పంపును గనుక గదిగాలి జోలికి అంతగా పోవు. మండుటెండలో వాని వెనుకచుట్టకు మరింత వేడిగాలి తగిలి కొంత శక్తి తగ్గు మాట నిజమే. అయినను మన వేసవికి రెండుగొట్టములవే మేలు.

థర్మామీటరు వ్యత్యాసము స్వల్పమని తేల్చినపుడు వెదకవలసిన తావులు తెలిసినవే గనుక వేగముగా దాటుదును. మొదటిది ఫిల్టరు: వేసవిదుమ్ములో అది పక్షము దినములకే మూసికొనిపోవును, కడిగి నీడన ఆరబెట్టి పెట్టవలెను. ఫిల్టరు మూసికొన్నచో చుట్టపై గాలి చాలక మంచు పేరుకొనును, పేరుకొన్న మంచు మిగిలిన గాలిని కూడ అడ్డగించును. అప్పుడు కంప్రెసరు నాపి ఫ్యాను మాత్రము నడపి మంచును కరగనీయవలెను గాని కత్తితో గీకరాదు. వెనుకచుట్టకు పట్టిన దుమ్ము కంటికి కనబడదు గనుక ఎవరును తుడువరు; అది ఫిల్టరు దుమ్ముకంటె హానికరము. కారిన నీరు అడుగుతొట్టిలో నిండినచో యంత్రము కంప్రెసరును తానే ఆపివేసి ఫ్యానును మాత్రము త్రిప్పుచుండును. కోస్తాలో వానకాలమున ఇది నిత్యకృత్యము, క్రింది బిరడా తీసి పైపు తగిలించినచో బాధ తీరును. రిమోటులో నీటిబొట్టు గుర్తున్న తేమ తీయు పద్ధతి పొరపాటున పడినను చల్లదనము తగ్గును. ఉష్ణోగ్రతను 16కు దించినంతమాత్రమున గది త్వరగా చల్లబడదు. ఒకేవేగపు కంప్రెసరు 24కైనను 16కైనను ఒకే తీరున తిరుగును. మధ్యాహ్నపు వేళ వోల్టేజి పడిపోయినపుడు కంప్రెసరు మూల్గి ఆగిపోవుట కద్దు. స్టెబిలైజరు కావలెను, సన్నతీగల ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. ఇల్లు మారునపుడు యంత్రమును పండుకొనబెట్టి తెచ్చినచో, కంప్రెసరులోని నూనె గొట్టములలోనికి జారియుండును. ఒక దినము నిలువుగా నుంచిన పిదపనే మీట నొక్కవలెను.

ఇవన్నియు సరిగానుండి, కంప్రెసరు తిరుగుచుండియు వ్యత్యాసము కనబడనపుడే గ్యాసు మాట యెత్తవలెను. గ్యాసు దీపమునకు నూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో ఆవిరియై, ద్రవమై, అదియే యేండ్లతరబడి తిరుగును. అది తగ్గినదన్నచో ఎచటనో చిల్లి పడినదన్నమాట. చిల్లిని వెదకి పూడ్చక నింపిన గ్యాసు మొదటిదాని త్రోవనే పోవును. పోర్టబుల్ ఏసీలు పెక్కింటికి గ్యాసు నింపు వాల్వే యుండదు, కార్ఖానాలోనే గొట్టమును అతికి మూసివేయుదురు. వానిలో నుండు ప్రొపేన్ రెండు మూడు వందల గ్రాములకు మించకున్నను అది మండు వాయువు. వంటగ్యాసునకు కలుపు వాసనద్రవ్యము దానిలో నుండదు గనుక కారినను ముక్కునకు తెలియదు. మూసిన గదిలో దానిచెంత టార్చి వెలిగించి అతుకువేయు మెకానిక్కును వారింపవలెను. ఆ పని, దానియందు శిక్షణ పొందినవారు, గాలి ధారాళముగా ఆడు చోట చేయవలసినది.

కడపట మిద్దె సంగతి. పై అంతస్తులోని గదికి కాంక్రీటు కప్పే పెద్ద పొయ్యి. నడిమధ్యాహ్నపు సూర్యరశ్మి చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు. మన పది పన్నెండడుగుల గది కప్పు 11 చదరపు మీటర్లు. అందు గదిలోనికి దిగు భాగము కొంతయే యైనను, పూత లేని పలుచని కప్పునుండి ఒక కిలోవాటుకు పైగా వచ్చుట సాధారణము. అదియును ఎండ తగ్గిన కొన్ని గంటలకు, మనము విశ్రమించు వేళకే లోపలికి చేరును. దీనికి ఇద్దరు మనుష్యుల వేడిమి, గోడల వేడిమి చేర్చినచో 1.75 కిలోవాట్లు దాటును. రామగుండపు గదిలో చొరబడు గాలికి సగము పోగా ఒక టన్ను యంత్రమునకు మిగిలినది సరిగా అంతియే యని ముందు చూచితిమి. అనగా అచట ఆ యంత్రము ఎంత నిర్దోషియైనను గది 28 డిగ్రీలకు దిగదు, 31, 32 డిగ్రీల కడ నిలిచిపోవును. ఏ మరమ్మతును దానిని క్రిందికి దింపలేదు. కప్పునకు సున్నమో, వేడిని త్రిప్పికొట్టు తెల్లని రంగో పూయించుట అట్టిచోట యంత్రమును మార్చుటకంటె ముందు చేయవలసిన పని; తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానము ఉద్దేశించినదియు ఇట్టి కప్పులనే. సున్నపుపూత పిదపను వ్యత్యాసము చక్కగనుండి గది చల్లబడనిచో, యజమానిని ఒప్పించి కిటికీ ఏసీ పెట్టించుకొనుటయో, రెండుగొట్టముల యంత్రమునకు మారుటయో తప్ప వేరు మార్గము లేదు.